కాబా చూడకుండా వెనుదిరిగితే ‘స్పష్టమైన విజయం’ ఎలా అయింది?

హిజ్రీ 6వ సంవత్సరం, జిల్‌ఖాదా నెల. క్రీస్తుశకంలో చెప్పాలంటే 628 మార్చి. దాదాపు 1,400 మంది ముస్లింలు మక్కా పొలిమేరలోని హుదైబియా దాకా వెళ్లి, కాబాను కళ్లారా చూడకుండానే మదీనాకు తిరుగుముఖం పట్టారు. వెంట తీసుకెళ్తున్నది ఒక ఒప్పందం మాత్రమే. దాని షరతులు తమకు అవమానకరంగా ఉన్నాయన్న బాధ వారిలో చాలామందిది. ఆ తిరుగు ప్రయాణంలోనే ఖుర్ఆన్ 48వ సూరా (అధ్యాయం) ‘అల్ ఫతహ్’ అవతరించింది. దాని మొదటి వాక్యం: “నిశ్చయంగా మేము నీకు స్పష్టమైన విజయాన్ని ప్రసాదించాము.” దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ సూరాను హజ్రత్ ఉమర్ (రజి)కు చదివి వినిపించినప్పుడు ఆయన అడిగిన మాట హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల కథనాల్లో) నమోదై ఉంది: “దైవప్రవక్తా, ఇది విజయమా?” ప్రవక్త (స) “అవును” అన్నారు.

ఇస్లాం దృష్టిలో విజయం అంటే ఏమిటో చెప్పేటప్పుడు చాలామంది బద్ర్ యుద్ధంతో మొదలుపెడతారు. 313 మంది వెయ్యిమందిని ఓడించిన వృత్తాంతం వినడానికి బాగుంటుంది. కానీ అక్కడ విజయం పైకే కనిపిస్తుంది కాబట్టి అసలు ప్రశ్న తలెత్తదు. హుదైబియాలో తలెత్తుతుంది. ఆ యాత్రలో పాల్గొన్న బరా బిన్ ఆజిబ్ (రజి) తర్వాతి తరం వారితో అన్నారు: “మీరు మక్కా విజయాన్ని విజయం అంటారు. అదీ విజయమే. మేము మాత్రం హుదైబియా నాటి ప్రమాణాన్నే విజయంగా లెక్కిస్తాం.” ఆయన ఎందుకలా అన్నారో అర్థం కావాలంటే అక్కడ జరిగినదాన్ని వరసగా చూడాలి.

యాత్రకు మూలం ఒక కల. తాము కాబా ఉన్న మస్జిదె హరాంలో ప్రవేశిస్తున్నట్టు ప్రవక్త (స) కలగన్నారు. ప్రవక్తల కల వట్టి కల కాదని ముస్లింల విశ్వాసం. అందుకే సహచరులు ఆ ఏడాదే కాబా చుట్టూ తవాఫ్ (ప్రదక్షిణ) చేస్తామన్న నమ్మకంతో బయలుదేరారు. మదీనా దాటగానే జుల్ హులైఫా దగ్గర యాత్రాదీక్ష దుస్తులైన ఇహ్రాం ధరించారు. ఖుర్బానీ కోసం 70 ఒంటెలను వెంట తీసుకెళ్లారు, అవి బలి పశువులని దూరం నుంచే తెలిసేలా వాటి మెడల్లో పట్టెడలు వేశారు. ప్రయాణికులు మామూలుగా పెట్టుకునే ఒరలోని కత్తి తప్ప యుద్ధ సామగ్రి లేదు. ఉమ్రా (హజ్ కాలంతో సంబంధం లేని కాబా యాత్ర) కోసం వచ్చేవారిని అడ్డుకోకపోవడం అరబ్బుల పాత ఆచారం, పైగా జిల్‌ఖాదా యుద్ధం నిషిద్ధమైన నాలుగు నెలల్లో ఒకటి. అయినా మక్కాను ఏలే తెగవారైన ఖురైషీలు దారి కాయడానికి ఖాలిద్ బిన్ వలీద్ నాయకత్వంలో 200 మంది ఆశ్వికులను పంపారు. ప్రవక్త (స) ఆ దళంతో తలపడకుండా రాళ్లూ కనుమలూ ఉన్న వేరే దారి పట్టి హుదైబియా చేరారు. మక్కాకు పడమర, జిద్దా పాత దారిలో ఇప్పుడు షుమైసీ అంటున్న చోటు అదే. అక్కడ ఆయన ఒంటె ఖస్వా కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. “ఇది మొండికేయలేదు, ఏనుగును ఆపినవాడే దీన్నీ ఆపాడు” అన్నారు ప్రవక్త (స), పూర్వం కాబాను కూల్చడానికి వచ్చి ఆగిపోయిన అబ్రహా ఏనుగుల దండును గుర్తుచేస్తూ. అల్లాహ్ పవిత్రంగా నిలిపినవాటిని గౌరవించే ఏ ప్రతిపాదన ఖురైషీలు తెచ్చినా ఒప్పుకుంటానని కూడా అక్కడే ప్రకటించారు. చర్చలు మొదలు కాకముందే హద్దు గీసుకున్న మాట అది, ఆ తర్వాత ఆయన తీసుకున్న ప్రతి నిర్ణయం దానికి లోబడే సాగింది.

రాయబారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఖుజాఆ తెగకు చెందిన బుదైల్ వచ్చాడు. తాయిఫ్ పెద్ద ఉర్వా బిన్ మస్ఊద్ వచ్చి, ‘నీ చుట్టూ చేరిన ఈ కలగలుపు జనం కష్టమొస్తే నిన్ను వదిలి పారిపోతారు’ అని ఎత్తిపొడిచాడు. తిరిగి వెళ్లాక మాత్రం ఖురైషీలతో అతను చెప్పిన మాట వేరు: కైసర్ (రోము), కిస్రా (పర్షియా), నజాషీ (అబిసీనియా) రాజుల దర్బారులు చూశాను, ముహమ్మద్‌కు ఆయన సహచరులు ఇచ్చే గౌరవం ఏ రాజుకూ దక్కడం చూడలేదు, ఆయన ఇచ్చిన ప్రతిపాదన ఒప్పుకోండి. ముస్లింల తరఫున హజ్రత్ ఉస్మాన్ (రజి) మక్కాకు వెళ్లారు. ఆయన రాక ఆలస్యమై, హత్యకు గురయ్యారన్న పుకారు పుట్టింది. అప్పుడు ఒక చెట్టు కింద దాదాపు సహచరులంతా ప్రవక్త (స) చేతిలో చెయ్యి వేసి, వెన్ను చూపబోమని ప్రమాణం చేశారు. దీన్నే ‘బైఅతె రిజ్వాన్’ అంటారు. ఆ చెట్టు కింద ప్రమాణం చేసిన విశ్వాసుల పట్ల అల్లాహ్ ప్రసన్నుడయ్యాడని అదే సూరా 18వ వాక్యం చెబుతుంది. ఉస్మాన్ క్షేమంగా తిరిగొచ్చారు కాబట్టి ఆ ప్రమాణం యుద్ధం దాకా వెళ్లలేదు.

చివరగా వచ్చినవాడు ఖురైషీల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్. ఒప్పందం కుదిరింది అతనితోనే. పదేళ్లపాటు యుద్ధం ఉండదు. ముస్లింలు ఈ ఏడాది వెనక్కి వెళ్లి, వచ్చే ఏడాది ఒరలో కత్తులతో మాత్రమే వచ్చి మూడు రోజులు మక్కాలో ఉండొచ్చు. పెద్దల అనుమతి లేకుండా మక్కా నుంచి ముహమ్మద్ దగ్గరికి వచ్చినవారిని తిప్పి పంపాలి, ముస్లింల నుంచి ఖురైషీల దగ్గరికి వెళ్లినవారిని మాత్రం ఖురైషీలు పంపనక్కర్లేదు. ఏ తెగ ఎవరి పక్షాన చేరాలన్నా చేరవచ్చు. ఈ చివరి షరతు ప్రకారం ఖుజాఆ ముస్లింలతో, బనూ బకర్ ఖురైషీలతో చేరారు. రెండేళ్ల తర్వాత జరిగినదంతా దీని చుట్టూనే తిరుగుతుంది కనుక దీన్ని గుర్తుంచుకోవాలి.

రాతలోనే గొడవ మొదలైంది. హజ్రత్ అలీ (రజి) ‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం’ అని రాయబోతే, రహ్మాన్ ఎవరో మాకు తెలియదు, పాత పద్ధతిలో ‘బిస్మిక అల్లాహుమ్మ’ అని రాయమన్నాడు సుహైల్. సరేనన్నారు. ‘అల్లాహ్ సందేశహరుడు ముహమ్మద్’ అని రాస్తే, ఆ మాటే ఒప్పుకుని ఉంటే కాబాకు రాకుండా నిన్ను ఆపేవాళ్లమే కాదు, ‘అబ్దుల్లాహ్ కుమారుడు ముహమ్మద్’ అని రాయాలన్నాడు. చెరపడానికి అలీకి చెయ్యి రాలేదు. ఆ మాట ఎక్కడుందో చూపించమని ప్రవక్త (స) తన చేత్తో తానే చెరిపేశారు. గమనించాల్సిందేమిటంటే ఆయన వదులుకున్నవి రాత తీరుకు సంబంధించినవి. అల్లాహ్ పేరు అలాగే నిలిచింది, ఆయన అబ్దుల్లాహ్ కుమారుడన్నదీ నిజమే. అబద్ధం ఒక్కటీ కాగితం మీదకు ఎక్కలేదు.

అంతలో గొలుసులు ఈడ్చుకుంటూ ఒక యువకుడు ముస్లింల మధ్యకు వచ్చి పడ్డాడు. అతను అబూ జందల్, స్వయానా సుహైల్ కొడుకు, ముస్లిం అయినందుకు మక్కాలో సంకెళ్లలో మగ్గుతున్నవాడు. ఒప్పందం ప్రకారం మొదట అప్పగించాల్సింది వీడినే అన్నాడు సుహైల్. ఇతన్ని నాకు వదిలెయ్యమని ప్రవక్త (స) అడిగారు, సుహైల్ ఒప్పుకోలేదు. చివరికి అబూ జందల్‌ను ఓర్పు వహించమని, అల్లాహ్ అతనికీ మిగతా బలహీనులకూ దారి చూపుతాడని, మాట ఇచ్చాం కనుక ద్రోహం చేయమని చెప్పి పంపేశారు. 1,400 మంది చూస్తుండగా ఆ యువకుణ్ని లాక్కుపోయారు. ఎన్నో ఏళ్ల తర్వాత ముస్లింల మధ్యే జరిగిన సిఫ్ఫీన్ యుద్ధ సమయంలో సహల్ బిన్ హునైఫ్ (రజి) జనంతో అన్నారు: మీ సొంత అభిప్రాయాలను అనుమానించండి, అబూ జందల్ రోజున నాకే గనక ప్రవక్త మాట తోసిపుచ్చే వీలుంటే తోసిపుచ్చేవాణ్ని. అంత నలిగిపోయారు వాళ్లు.

ఉమర్ నేరుగా ప్రవక్త (స) దగ్గరికే వెళ్లారు.

“మీరు నిజంగా దైవప్రవక్త కారా?”

“అవును, దైవప్రవక్తనే.”

“మనం సత్యం మీద, మన శత్రువు అసత్యం మీద లేరా?”

“అంతే.”

“మరి మన ధర్మం విషయంలో ఈ చిన్నతనం ఎందుకు ఒప్పుకోవాలి?”

“నేను అల్లాహ్ సందేశహరుణ్ని. ఆయన ఆజ్ఞ మీరను. నాకు సహాయకుడు ఆయనే.”

“మనం కాబాకు వెళ్లి తవాఫ్ చేస్తామని మీరు చెప్పలేదా?”

“చెప్పాను. ఈ ఏడాదే అని చెప్పానా?”

“లేదు.”

“వెళ్తావు, తవాఫ్ చేస్తావు.”

ఉమర్ వాదన వినడానికి బలమైనది: మనం సత్యం మీద ఉన్నాం, కాబట్టి పైచేయి మనదే కావాలి. ఈ ‘కాబట్టి’ దగ్గరే పొరపాటు. సత్యం పక్షాన నిలబడటం మనిషి పని, ఫలితం ఏ రూపంలో, ఏ రోజున వస్తుందో నిర్ణయించడం అల్లాహ్ పని. ఈ రెండూ కలిసిపోయినప్పుడు మనిషి గెలుపు కనిపించకపోతే సత్యాన్నే అనుమానిస్తాడు, లేదా గెలుపు కోసం మాట తప్పుతాడు. ఆ రోజు మాట్లాడిన తీరుకు ప్రాయశ్చిత్తంగా తర్వాత ఎన్నో సత్కార్యాలు చేశానని ఉమర్ స్వయంగా చెప్పుకున్నారు.

ఒప్పందం ముగిశాక, లేచి బలి ఇచ్చి తల గొరిగించుకోండని ప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా ఒక్కరూ కదల్లేదు. ధిక్కారం కాదది, దిగ్భ్రమ. ఆయన డేరాలోకి వెళ్లి భార్య ఉమ్మె సలమా (రజి)తో చెప్పారు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి మీ ఒంటెను బలి ఇచ్చి, క్షురకుణ్ని పిలిచి తల గొరిగించుకోండని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూడగానే అందరూ లేచి బలులు ఇచ్చి, ఒకరి తల ఒకరు గొరుక్కున్నారు. దుఃఖంతో కత్తి ఎక్కడ తగిలించుకుంటారో అన్నంతగా ఉంది పరిస్థితి అని కథనం.

ఈ యాత్ర మిగిల్చిన చట్టం నేటికీ అమల్లో ఉంది. దారిలో అడ్డంకి వచ్చి హజ్ లేదా ఉమ్రా పూర్తి చేయలేకపోతే బలి ఇచ్చి ఇహ్రాం విడవాలి, ఆధారం ఖుర్ఆన్ 2:196. తెలుగు నేల మీద ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్హబ్ (న్యాయ సంప్రదాయం)లో జబ్బు కూడా అడ్డంకి కిందికే వస్తుంది. షాఫిఈ మజ్హబ్‌లో శత్రువు వంటి బయటి ఆటంకమే ప్రధానం. అదే వాక్యంలోని ఫిద్యా (పరిహారం) భాగం కఅబ్ బిన్ ఉజ్రా (రజి) వల్ల వచ్చింది. హుదైబియాలో ఆయన కుండ కింద మంట పెడుతుంటే తలలోంచి పేలు ముఖం మీదికి రాలుతున్నాయి, ఇహ్రాంలో ఉన్నందున తల గొరిగించుకోలేరు. అలాంటి ఇబ్బంది ఉంటే గొరిగించుకుని మూడు రోజులు ఉపవాసం ఉండటమో, ఆరుగురు పేదలకు తలా అర సాఅ (పాత కొలత) ధాన్యం ఇవ్వడమో, ఒక గొర్రెను బలి ఇవ్వడమో చేయాలి. అవమానంగా తోచిన యాత్రలో ఒక మనిషి తలలోని పేల గురించి కూడా వెసులుబాటు వచ్చిందన్న సంగతిని చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా దాటేస్తారు. దాటేయకూడదని నా అభిప్రాయం.

ఇక ఫలితాలు. యుద్ధం ఆగడంతో మక్కా, మదీనాల మధ్య రాకపోకలు పెరిగాయి. అంతవరకు కత్తి అంచున మాత్రమే ఎదురుపడినవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. హిజ్రీ 7లో మదీనాకు ఉత్తరాన ఉన్న ఖైబర్ కోటల ముప్పు తొలగింది, చుట్టుపక్కల రాజులకు లేఖలు వెళ్లాయి, అదే ఏడాది జిల్‌ఖాదాలో ముస్లింలు అన్న ప్రకారం మూడు రోజులు మక్కాలో ఉండి ఉమ్రా చేశారు. హిజ్రీ 8 తొలి నెలల్లో, అంతవరకు శత్రుపక్షాన ఉన్న ఖాలిద్ బిన్ వలీద్, అమ్ర్ బిన్ ఆస్ ఇద్దరూ తమంత తాము మదీనా వచ్చి ఇస్లాం స్వీకరించారు. హుదైబియాకు 1,400 మందితో వెళ్లిన ప్రవక్త (స) రెండేళ్లకు మక్కాకు 10,000 మందితో వెళ్లడాన్ని తొలి చరిత్రకారులే ఎత్తి చూపారు.

అన్నిటికంటే చేదుగా అనిపించిన షరతు కూడా ఎదురు తిరిగింది ఖురైషీలకే. మక్కా నుంచి పారిపోయి వచ్చిన అబూ బసీర్‌ను ప్రవక్త (స) మాట ప్రకారం అప్పగించారు. దారిలో అతను కాపలావాళ్లలో ఒకణ్ని చంపి తప్పించుకుని, మదీనాలో చోటు దొరకదని గ్రహించి సముద్ర తీరాన ఖురైషీల వర్తక మార్గం మీద మకాం పెట్టాడు. అబూ జందల్ కూడా మక్కా నుంచి తప్పించుకుని అతన్ని చేరాడు. దాదాపు 70 మంది పోగయ్యారు, బిడారులకు దారి లేకుండా పోయింది. వాళ్లను నీ దగ్గరికి పిలిపించుకొమ్మని చివరికి ఖురైషీలే బతిమాలుకున్నారు. ఆ షరతు అలా రద్దయింది.

ఇక్కడ రెండు అపార్థాలు తొలగాలి. ఒకటి, ఈ ఒప్పందం బలం కూడగట్టుకునే దాకా ఆడిన ఎత్తుగడ అని. షరతులు భారమైనా ముస్లింలు నిలబెట్టుకున్నారు, అబూ జందల్ కన్నీళ్లు చూస్తూ కూడా. ఉల్లంఘన జరిగింది అవతలి వైపు నుంచి: బనూ బకర్ వాళ్లు ఖుజాఆ తెగ మీద రాత్రివేళ దాడి చేస్తే ఖురైషీలు ఆయుధాలు ఇచ్చి సాయపడ్డారు. మక్కా మీదికి యాత్ర దాని తర్వాతే.

రెండో అపార్థం ఇంకా సూక్ష్మమైనది: ఓర్చుకుంటే చివరికి లోకంలో గెలుస్తాం కాబట్టి అది విజయం అనడం. అదే నిజమైతే విజయం అన్న ప్రకటన రెండేళ్లు ఆగి రావాలి. వచ్చింది తిరుగు దారిలోనే, ఫలితం ఒక్కటీ కనబడకముందే. పైగా లోకంలో ఏ ఫలితమూ రాని వారిని కూడా ఖుర్ఆన్ విజేతలనే అంటుంది. 85వ సూరాలో కందకంలో మంట పెట్టి విశ్వాసులను కాల్చిన వృత్తాంతం ఉంది. వాళ్లను ఎవరూ కాపాడలేదు, వాళ్ల పక్షాన ఏ సైన్యమూ రాలేదు. అయినా 11వ వాక్యం విశ్వసించి సత్కార్యాలు చేసినవారికి దక్కే స్వర్గాన్ని ‘గొప్ప సాఫల్యం’ అని పిలుస్తుంది. నూహ్ (అ) తన జాతి మధ్య 950 ఏళ్లు ఉన్నారు, నమ్మినవారు కొద్దిమందే. ప్రళయదినాన ఒక్క అనుచరుడు కూడా లేకుండా వచ్చే ప్రవక్తలు ఉంటారని హదీసు. వాళ్లు ఓడిపోయారని ఏ ముస్లిమూ అనుకోడు. హిజ్రీ 61లో కర్బలాలో ఇమాం హుసైన్ (రజి) నేలకొరిగారు, యజీద్ సైన్యం గెలిచింది. తెలుగు పల్లెల్లో మొహర్రం నాడు పీర్లెత్తేది ఎవరిని తలుచుకునో అందరికీ తెలుసు.

హిజ్రీ 4లో బిఅర్ మఊనా దగ్గర బల్లెం దిగిన ఒక సహచరుడు “కాబా ప్రభువు సాక్షిగా నేను గెలిచాను” అంటూ ప్రాణం విడిచారు. పొడిచినవాడికి అర్థం కాలేదు: చంపింది నేనైతే గెలిచింది అతనెలా? అడిగి తెలుసుకున్నాక ఆ మనిషే ఇస్లాం స్వీకరించాడని సీరా (ప్రవక్త జీవిత చరిత్ర) గ్రంథాలు చెబుతాయి.

మరి ఓటమి ఎలా వస్తుంది? ఉహుద్ యుద్ధం చూడండి. 50 మంది విలుకాండ్రను గుట్ట మీద నిలబెట్టి, పక్షులు మమ్మల్ని ఎత్తుకుపోతున్నా కబురు వచ్చేదాకా కదలొద్దన్నారు ప్రవక్త (స). శత్రువు వెనకడుగు వేయడం, కింద సొమ్ము పోగవడం చూసి ఎక్కువమంది దిగిపోయారు. ఖాళీ అయిన గుట్ట వైపు నుంచి ఖాలిద్ దళం చుట్టి వచ్చింది. 70 మంది అమరులయ్యారు. గెలుపు చేతికందిన క్షణంలోనే ఆజ్ఞ జారిపోయిందని ఖుర్ఆన్ 3:152 వారికి నేరుగా చెప్పింది. మక్కా విజయం తర్వాత జరిగిన హునైన్ యుద్ధంలో తప్పు వేరు. అక్కడ 12,000 మంది ఉన్నారు, ఇవాళ తక్కువమందిమని ఓడిపోమన్న ధీమా వచ్చింది. తెల్లవారుజామున లోయలో హవాజిన్ విలుకాండ్రు మాటువేసి కొడితే చెల్లాచెదురయ్యారు. మీ సంఖ్య మీకు ఎందుకూ పనికిరాలేదని 9:25 అంటుంది. ప్రవక్త (స) మాత్రం నిలబడ్డారు. గొంతు పెద్దదైన అబ్బాస్ (రజి) “ఓ చెట్టు కింద ప్రమాణం చేసినవారలారా!” అని కేకవేస్తే, హుదైబియా నాటి మనుషులు దూడల వైపు ఆవులు మళ్లినట్టు మళ్లి వచ్చారు. బరా మాట ఇప్పుడు తేటపడుతుంది. గెలిచిన సేన పరుగెత్తింది, చెట్టు కింద మాట ఇచ్చినవాళ్లు తిరిగొచ్చారు.

అంతకు కొద్ది రోజుల ముందు, హిజ్రీ 8 రంజాన్‌లో, మక్కాలో ప్రవేశించిన తీరు కూడా ఇదే కొలతకు సరిపోతుంది. ప్రవక్త (స) తల ఎంతగా వంచారంటే గడ్డం జీనును తాకేంత పని అయింది. నోట ఫతహ్ సూరా. “ఇవాళ సంహారం రోజు” అన్న సఅద్ బిన్ ఉబాదా (రజి) చేతిలోంచి జెండా తీసి ఆయన కొడుకు ఖైస్‌కు ఇచ్చారు. తలుపు మూసుకున్నవాడికి, మస్జిదులో చేరినవాడికి, ఖురైషీ నాయకుడు అబూ సుఫ్యాన్ ఇంట్లో చేరినవాడికి అభయం. ఖాలిద్ ప్రవేశించిన వైపు కొద్దిపాటి పోరు జరిగింది. కొద్దిమంది మీద మరణశిక్ష ఉత్తర్వులున్నాయి, వారిలోనూ ఇక్రిమా వంటి పలువురికి క్షమాభిక్ష దొరికింది. కాబా తాళంచెవి పాత కుటుంబానికే తిరిగిచ్చారు. మీ ఇంట్లో దిగుతారా అని అడిగితే, “అఖీల్ మనకు ఇల్లేమైనా మిగిల్చాడా?” అన్నారు, తన పెదతండ్రి కొడుకును ఉద్దేశించి. పుట్టిన ఊళ్లో డేరా వేసుకునే ఉన్నారు, అమ్ముడైపోయిన ఇంటిని వెనక్కి లాక్కోలేదు. అల్లాహ్ సహాయం, విజయం వచ్చి జనం గుంపులుగా ధర్మంలోకి రావడం చూసినప్పుడు ఏం చేయాలో 110వ సూరా చెబుతుంది: ప్రభువును స్తుతించు, క్షమాపణ వేడుకో. ఊరేగింపు ప్రస్తావన అందులో లేదు.

యుద్ధాలూ ఒప్పందాలూ లేని మామూలు ముస్లిం జీవితంలో ఈ కొలత ఎక్కడ పనికొస్తుంది? నమాజుకు పిలిచే అజాన్‌లో రోజుకు ఐదు వేళలా ‘హయ్య అలల్ ఫలాహ్’, సాఫల్యం వైపు రండి అన్న పిలుపు రెండేసిసార్లు వినిపిస్తుంది. ఆ సాఫల్యంలో ఏముందో 23వ సూరా మొదటి వాక్యాల్లో విడమరిచి ఉంది: నమాజులో వినమ్రత, పనికిరాని మాటలకు దూరం, జకాత్ (విధిగా ఇచ్చే దానం), శీలం, అమానతులనూ (నమ్మి అప్పగించినవాటినీ) ఇచ్చిన మాటనూ కాపాడటం, నమాజు వేళలు పాటించడం. కుస్తీలో పడగొట్టేవాడు బలవంతుడు కాడు, కోపంలో తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడని హదీసు.

అన్నీ ఉన్నా చివర్లో పోగొట్టుకోవచ్చు. ‘దివాలా తీసినవాడెవరో తెలుసా’ అని ప్రవక్త (స) సహచరులను అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడన్నారు వాళ్లు. ఆయన చెప్పింది వేరు: నమాజు, రోజా, జకాత్ వెంట తెచ్చుకుంటాడు, కానీ ఒకణ్ని తిట్టి ఉంటాడు, ఒకరి మీద నింద వేసి, ఒకరి సొమ్ము తిని, ఒకరి రక్తం చిందించి, ఒకణ్ని కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలు వాళ్లకు పంచుతారు. చాలకపోతే వాళ్ల పాపాలు అతని మీద వేస్తారు. అందుకే తోటివారి హక్కుల విషయంలో వట్టి తౌబా (పశ్చాత్తాపం) సరిపోదని ఉలమాలు (ధర్మ పండితులు) చెబుతారు. సొమ్ము తిని ఉంటే మనిషికి తిరిగివ్వాలి. అతను చనిపోతే వారసులకు ఇవ్వాలి. ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతే అతని పేరు మీద సదఖా (దానం) చేయాలి, తర్వాత ఎప్పుడైనా హక్కుదారు ఎదురుపడితే అతనికి లెక్క చెప్పాలి.